పై పైపు, కింది పైపు

పెనుకొండలో ఎవరి కారు హీటెక్కినా జనం రెండే మాటలు చెబుతారు. నీళ్లు పొయ్యి, పోతులయ్య దగ్గరికి తోలు. నీళ్లు పోయడం ఎవరికైనా వస్తుంది. అసలు సంగతంతా రెండో మాటలోనే ఉంది. హైవే నుంచి ఊళ్లోకి తిరిగే రోడ్డు పక్కన, రేకుల షెడ్డు ముందు, ముప్పై ఎనిమిదేళ్లుగా పోతులయ్య చేసే పని చూడబోతే ఏమంత ఉండదు. ఇంజను నడుస్తుండగానే బానెట్ ఎత్తుతాడు. రేడియేటర్ పై పైపు పట్టుకుంటాడు. దాన్ని వదిలి కింది పైపు పట్టుకుంటాడు. మళ్లీ పైది. మధ్యలో ఎవరైనా మాట్లాడితే కళ్లెర్రజేస్తాడు. ఆ తర్వాత చెయ్యి తుడుచుకుని జబ్బు ఫలానా అని చెబుతాడు. ఆయన చెప్పాక ఇంక ఎదురు మాట్లాడేవాళ్లు ఉండరు.

ఇందులో గొప్పేముంది అంటారేమో. నిజమే, లెక్క చాలా చిన్నది. ఇంజనులో కాగిన నీళ్లు పై పైపులోంచి రేడియేటర్‌లోకి వస్తాయి. అక్కడ గాలికి చల్లారి కింది పైపులోంచి మళ్లీ ఇంజనులోకి పోతాయి. పైది చుర్రుమంటూ కిందిది చల్లగా ఉంటే రేడియేటర్ పూడిపోయినట్టు. రెండూ కాలుతుంటే నీళ్లు బాగానే తిరుగుతున్నాయి, జబ్బు ఇంకెక్కడో ఉంది. ఈ మాత్రం పక్కన టీ కొట్టు వెంకటమ్మ కూడా చెప్పగలదు, ఇన్నేళ్లుగా చూస్తోంది కాబట్టి. కానీ పోతులయ్య చేతికి అంతకన్నా చాలా తెలిసేది. రేడియేటర్ వెనక అరచెయ్యి అలా జరుపుకుంటూ పోయి, "ఎడమ పక్క మూడు వరసలు మూసుకోని పోయినాయి" అనేవాడు. విప్పి చూస్తే మూడే ఉండేవి, నాలుగు కాదు.

తెలిసేది, అనేవాడు అని ఎందుకు అంటున్నానంటే, ఆ చెయ్యి మొద్దుబారి రెండేళ్లయింది. ఆ సంగతి ఊళ్లో పోతులయ్యకు ఒక్కడికే తెలుసు. ఊరు మాత్రం ఇంకా ఆ చేతినే నమ్ముకుని ఉంది. ఆ నమ్మకం పోతే తన దగ్గర ఇంకేం మిగలదని ఆయన భయం. ఆ భయంతోనే పొద్దున షెడ్డు తలుపు తీస్తాడు, ఆ భయంతోనే సాయంత్రం వేస్తాడు.

పోతులయ్య సొంతూరు రామగిరి పక్కన చిన్న పల్లె. నాయన గొర్రెలు కాసేవాడు. మందలో ఏ గొర్రె అయినా మేత మాని నిలబడితే, నాయన దాని చెవి మొదట్లో చెయ్యి పెట్టి జ్వరం ఉందో లేదో చెప్పేవాడు. ఎనిమిదేళ్ల కొడుకు చేత కూడా పట్టించేవాడు. "గట్టిగా పట్టుకోవాకురా. ఊరికే ఆనించు, అదే చెప్తాది నీకు" అనేవాడు. కరువొచ్చి మంద పోయాక పోతులయ్య ధర్మవరంలో లారీ షెడ్డులో పనికి చేరాడు. అక్కడ చెవికి బదులు పైపు వచ్చింది, అంతే తేడా. మూడేళ్లు తిరక్కముందే పెద్ద మేస్త్రి ఏ బండి హీటెక్కి వచ్చినా "ఆ గొర్రెలోణ్ణి పిలవండి" అనడం మొదలుపెట్టాడు. ఆ పేరు వినడానికి బాగోలేదు గానీ పోతులయ్యకు లోలోపల సంబరంగానే ఉండేది.

తర్వాత పెనుకొండకొచ్చి షెడ్డు పెట్టాడు. చౌడక్కను చేసుకున్నాడు. పేరు పెరిగింది, పేరుతో పాటు నోరు కూడా పెరిగింది. కొత్త కార్లకు వైరు తగిలించి కంప్యూటర్‌లో చూసి జబ్బు చెప్పే మెకానిక్‌లను ఆయన అనని మాట లేదు. ఒకసారి సామాన్లమ్మే మనిషి ఎవరో వేడి కొలిచే మిషను తెచ్చి, పైపుకు చూపిస్తే అంకె పడుతుందని చెప్పాడు. "నా చేతికి బ్యాటరీ అక్కర్లే పో అబ్బా" అని పోతులయ్య అతన్ని గేటు దాకా సాగనంపాడు. టీ కొట్టు దగ్గర ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ నవ్వులకు అలవాటు పడ్డ మనిషి ఆయన, అదే వచ్చిన చిక్కు.

షుగరు బయటపడి తొమ్మిదేళ్లయింది. ముందు ఐదారేళ్లు దాన్ని పట్టించుకోలేదు. మాత్రలు గుర్తొస్తే వేసుకునేవాడు, సంగటి ముద్ద మాత్రం మర్చిపోకుండా తినేవాడు. చౌడక్క అరిస్తే, "నాకు షుగరుంటే నీ నోటికి తీపి ఎందుకు రాలే" అని ఎగతాళి చేసేవాడు. ఒకరోజు హిందూపురం నుంచి బస్సు దిగి ఇంటికొచ్చాక చూసుకుంటే కాలికి ఒకటే చెప్పుంది. రెండోది ఎక్కడ జారిపోయిందో తెలియలేదు. అంత దూరం ఒంటి చెప్పుతో నడిచొచ్చాడు, రాళ్లు గుచ్చుకున్న సంగతి కూడా తెలియలేదు. ఆ రోజు కూడా నవ్వుకున్నాడు. ఏడాదిన్నర తర్వాత వేళ్ల సందుల్లోంచి నట్లు జారి పడటం మొదలైనప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

పుట్టపర్తి పోయి డాక్టరుకు చూపించుకున్నాడు. ఎవరికీ చెప్పకుండా ఒక్కడే పోయాడు. నరాలు దెబ్బతిన్నాయి, ఇకమీదట ముదరకుండా చూసుకోవడమే గానీ పోయిన స్పర్శ తిరిగి రావడం కష్టం అని డాక్టరు నిదానంగా, రెండుసార్లు చెప్పాడు. ఇంటికొచ్చి చౌడక్కతో బలానికి మాత్రలిచ్చారని చెప్పాడు. స్పర్శ పోయిందంటే చేతికి ఏమీ తెలియదనుకుంటాం. పోతులయ్య అరచేతుల్లో ఎప్పుడూ ఒకటే మంట, మిరపకాయలు కోసిన చెయ్యిలాగ. చల్లటి చెంబు పట్టుకున్నా మంటే, కాలే గ్లాసు పట్టుకున్నా మంటే. ఏది లోపలి మంటో ఏది బయటి వేడో తేల్చుకోవడానికి ఆయన దగ్గర దారి లేకుండా పోయింది.

అయినా రెండేళ్లు నెట్టుకొచ్చాడు. ఎలాగంటే, మణికట్టు లోపలి వైపు చర్మానికి ఇంకా వేడి తెలుస్తోంది. చెయ్యి పైపు మీద పెట్టినట్టే పెట్టి, ఏదో వెతుకుతున్నట్టు ముందుకు వంగి మణికట్టు ఆనించేవాడు. ఎవరూ చూడనప్పుడు మోచేయి ఆనించేవాడు. అది దొంగతనం చేసినంత పనిగా ఉండేది. జబ్బు సరిగ్గా చెప్పిన ప్రతిసారీ ఈసారికి గండం గడిచిందనుకునేవాడు.

అలా ఉండగా జోసెఫ్ సార్ కారు వచ్చింది.

జోసెఫ్ పెనుకొండలోనే బడిపంతులు. ఆయన భార్య మేరీ ఆసుపత్రిలో నర్సు. వాళ్లది ఇరవై ఏళ్ల నాటి చిన్న తెల్లకారు. కొన్న రోజు నుంచీ దాని మీద పోతులయ్య చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు. ఎవరైనా కారు గురించి అడిగితే జోసెఫ్ "పోతులయ్యన్న చెప్పినాడు" అనే మొదలుపెడతాడు. మొన్న ఎండల్లో బుక్కపట్నం చెరువు కట్ట మీద రేడియేటర్ కారుతుంటే, దారిన పోయే లారీ డ్రైవరు చెప్పాడని జోసెఫ్ కొట్లో పసుపు కొని అందులో పోశాడు. ఇది మా వైపు అందరూ చేసే పనే. పసుపు పోయి చిల్లుకు అడ్డం పడుతుంది, బండి ఇల్లు చేరుతుంది. ఆ చిట్కా పోతులయ్య కూడా ఎంతమందికో చెప్పాడు. కాకపోతే ఒక చెంచా పొయ్యాలి. సారు చదువుకున్న మనిషి కదా, గట్టిగా ఉంటుందని రెండు ప్యాకెట్లు పోసేశాడు. ఆ పైన రెండు నెలలు ఉప్పుబోరు నీళ్లు పోశాడు.

అప్పట్నుంచి కారు ఇరవై కిలోమీటర్లు దాటితే వేడి చూపించే ముల్లు ఎర్రగీత ఎక్కేస్తోంది. పని మీద హిందూపురం పోయినప్పుడు అక్కడ ఆగిపోతే, ఉమాశంకర్ అనే మెకానిక్ చూశాడు. ఫ్యాను బాగుంది, పంపు బాగుంది, రేడియేటర్ మీదే అనుమానం, దింపి చూడాలి అన్నాడు. జోసెఫ్ నీళ్లు పోసుకుని, ఆగి ఆగి, పెనుకొండ చేరాడు.

"ఏమన్నా, హిందూపురంలో రేడియేటర్ అంటాండారు. నువ్వు ఒకసారి చెయ్యి పెట్టి చూడు. నువ్వు అంటే దింపుదాం" అన్నాడు జోసెఫ్.

పోతులయ్యకు ఆ మాటకే కడుపు నిండింది, ఆ మాటకే గుండె కూడా జారింది. ఆ సమయానికి టీ కొట్టు బెంచీ మీద నలుగురున్నారు. పక్కన పంక్చర్ల షాపు వేణు చేతిలో ట్యూబు అలాగే పెట్టుకుని లేచి వచ్చాడు. "చూడండప్పా, అన్న చెయ్యి పెడతాండాడు. హిందూపురం వాళ్లకు మెషీన్లుండాయి, మాకు పోతులయ్యన్న ఉండాడు" అన్నాడు గొంతు పెంచి. అందరూ కారు చుట్టూ చేరారు.

పోతులయ్య బానెట్ ఎత్తాడు. ఇంజను బాగా కాగి ఉంది. మణికట్టు ఆనిద్దామంటే ఎదురుగా వేణు, పక్కన సారు, ఇటు వెంకటమ్మ. వంగితే ముగ్గురి కళ్లూ పడతాయి. చెయ్యి వదిలిపెట్టి మణికట్టుతో పైపు పట్టుకునే మెకానిక్ ఎవడైనా ఉంటాడా? సిగ్గేసింది. ఎప్పటిలాగే అరచెయ్యి పెట్టాడు. పై పైపు మంటగా ఉంది. కింది పైపు పట్టుకున్నాడు. అదీ మంటగానే ఉంది. మళ్లీ పైది, మళ్లీ కిందిది. రెండూ ఒకేలా ఉన్నాయి. నిజంగా ఉన్నాయేమో అనుకున్నాడు. ఉండాలని కోరుకున్నాడు కూడా, ఎందుకంటే అప్పుడు హిందూపురం వాడిది తప్పవుతుంది.

"రేడియేటర్‌కు ఏం కాలే సార్. రెండు పైపులూ కాలతాండాయి, నీళ్లు బాగా తిరుగుతాండాయి. హెడ్ గ్యాస్కెట్ పోయింది. హెడ్డు ఇప్పాల" అన్నాడు.

హెడ్డు విప్పడమంటే ఇంజను నెత్తి తీయడమే. కారుకు గుండె ఆపరేషన్ అనుకోండి. జోసెఫ్ ముఖం ఒక్క క్షణం వాడిపోయింది. పసుపు సంగతి గుర్తుచేశాడు, అదేమైనా అడ్డం పడిందేమోనని అడిగాడు. "పసుపు ఏం చెయ్యదు సార్, నేనే ఎంతమందికి పోయించినా" అన్నాడు పోతులయ్య. "నువ్వు చెప్పినాక ఇంకేముందన్నా" అని జోసెఫ్ తాళాలు చేతిలో పెట్టి బడికి పోయాడు.

మర్నాడు మధ్యాహ్నానికి హెడ్డు ఊడింది. పోతులయ్య దాని కింద పరిచి ఉండే గ్యాస్కెట్ రేకు తీసి గుడ్డతో తుడిచి ఎండలో పట్టుకుని చూశాడు. తిప్పి చూశాడు. ఎక్కడా కాలిన మచ్చ లేదు, చీలిక లేదు. ఇంకో పదేళ్లు వచ్చేలా ఉంది. ఆయన దాన్ని పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. చెయ్యి తనకు అబద్ధం చెప్పింది, ఆ అబద్ధాన్ని తను సారుకు చెప్పాడు. అది తెలియడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

అప్పుడైనా చెప్పి ఉంటే బాగుండేది. ఫోను తీశాడు, జోసెఫ్ పేరు దాకా పోయాడు. ఏమని చెప్పాలి? తప్పు చెప్పాను అంటే ఎందుకు తప్పు చెప్పావంటారు. ఎందుకో చెబితే రేపట్నుంచి షెడ్డు ముందు బండి ఆగదు. ఫోను జేబులో పెట్టుకున్నాడు. బాగున్న హెడ్డును బాగుచేయడానికి హిందూపురం లేత్ మిషనుకు పంపించాడు. కొత్త గ్యాస్కెట్ వేశాడు. మూడు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. చౌడక్క కంచంలో సంగటి తగ్గించినా అడగలేదు, అప్పుడు ఆవిడకు నిజంగా భయం వేసింది.

"ఏమైందో చెప్పు. ఒంట్లో బాగలేదా?" అంది.

"ఏం లేదులే. పని ఎక్కువుండాది" అన్నాడు.

రేడియేటర్ కూడా దింపి శుభ్రం చేయించి ఉండొచ్చు కదా అని మీరు అడగొచ్చు. నేనూ అదే అడుగుతాను. చేతిని కాదని, హిందూపురం వాడి మాట చాటుగా ఒప్పుకున్నట్టు అవుతుందని ఆయనకు అనిపించింది. అదీగాక పొద్దున ఆరు గంటలకు, చల్లగాలిలో గుట్టూరు దాకా తోలి చూశాడు. ముల్లు ఒక గీత పైకెక్కి అక్కడే నిలిచింది. కొత్త గ్యాస్కెట్ కదా, కుదురుకుంటుందిలే అని తనకు తనే నచ్చజెప్పుకున్నాడు. చేతకాని మనిషితో ఆశ ఎంత పనైనా చేయిస్తుంది.

ఆదివారం చర్చి అయ్యాక జోసెఫ్, మేరీ ధర్మవరం బయల్దేరారు. మేరీ వాళ్ల అమ్మ మరియమ్మకు కంటి ఆపరేషన్ అయింది, చూసి రావాలి. పన్నెండు గంటలకు ఫోను వచ్చింది. "అన్నా, మళ్లీ ఉడికింది. చెన్నేకొత్తపల్లి ఇవతల హైవే మీద ఉండాం. నీళ్లు ఎగజిమ్ముతాండాయి" అన్నాడు జోసెఫ్. కోపం లేదు ఆ గొంతులో. ఆయన తిట్టి ఉంటే పోతులయ్యకు కొంత తేలికగా ఉండేది. సంచీలో పానాలు, నీళ్ల క్యాను వేసుకుని, అనంతపురం బస్సెక్కాడు.

రోడ్డు పక్కన వేపచెట్టు నీడ కూడా లేని చోట కారు ఆగి ఉంది. బానెట్ ఎత్తి ఉంది. మేరీ గొడుగు పట్టుకుని నిలబడింది. "వచ్చినావా అన్నా, పాపం నిన్ను ఇంత ఎండలో రప్పిస్తిమి" అంది. పోతులయ్య తల ఎత్తలేదు. రేడియేటర్ మూత మెల్లగా తిప్పి, నీళ్లు నింపి, "సార్, స్టార్ట్ చెయ్యండి" అన్నాడు.

ఇంజను నడిచింది. ఐదు నిమిషాలకు ముల్లు మధ్యకొచ్చింది, పది నిమిషాలకు పైకి పాకింది. లారీలు పోయినప్పుడల్లా కారు ఊగుతోంది. ఇక్కడ వేణు లేడు, వెంకటమ్మ లేదు. మణికట్టు ఆనించుకోవచ్చు. కానీ చొక్కా చేతులు మడిచి ముందుకు వంగిన పోతులయ్యకు ఒక పిచ్చి కోరిక పుట్టింది. ఈ ఒక్కసారి చెయ్యి నిజం చెప్పకూడదా అనుకున్నాడు. గుప్పెట నిండా పై పైపు పట్టుకున్నాడు. మంట. ఎప్పుడూ ఉండే మంటే. ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. కళ్లు మూసుకుని, ఆ మంటలో ఎక్కడైనా ఇంకో మంట ఉందేమోనని వెతుక్కున్నాడు.

"అన్నా, చెయ్యి! చెయ్యి తియ్యన్నా!"

మేరీ గొడుగు పారేసి ఆయన మోచేయి పట్టుకుని వెనక్కి లాగింది. పోతులయ్యకు ఏం జరిగిందో అర్థం కాలేదు. ఆవిడ ఆయన అరచెయ్యి తిప్పి చూసింది. అప్పుడే ఆయనా చూశాడు. బొటనవేలి కింద నుంచి చిటికెన వేలి దాకా చర్మం తెల్లబడి ఉబ్బుతోంది. జోసెఫ్ ఇంజను ఆపి పరుగెత్తుకొచ్చాడు.

మేరీ తాగే నీళ్ల బాటిల్ తీసి చేతి మీద పోసింది. పోస్తూనే ఆయన ముఖంలోకి చూస్తోంది. ఇరవై ఏళ్లుగా నర్సు పని చేస్తున్న మనిషి ఆవిడ. కాలిన చెయ్యి ముందు పెట్టుకుని "స్స్" అని కూడా అనని మనిషిని చూస్తే ఆవిడకు వేరే చెప్పాలా?

"అన్నా, నీకు షుగరు కదా. ఒకసారి ఆ ఎడమ చెయ్యి ఇటియ్యి. కళ్లు మూసుకో" అంది. భుజం మీద చున్నీకి పెట్టుకున్న పిన్నీసు తీసింది. "ఇప్పుడు వేలి కొసకు గుచ్చుతాండా. తెలిస్తే చెప్పు."

పోతులయ్య కళ్లు మూసుకున్నాడు. చెప్పాలి, ఈసారి తప్పకూడదు. కొంచెం ఆగి, "ఆ, తెలుస్తాంది మేరీమ్మా. గుచ్చుకుంటాంది" అన్నాడు.

కళ్లు తెరిస్తే పిన్నీసు ఆవిడ రెండో చేతిలో, దూరంగా ఉంది.

"నేనింకా గుచ్చనేలేదన్నా" అంది మేరీ. ఆ అనడంలో కోపం లేదు, జాలి ఉంది. ఆ జాలిని తట్టుకోవడం పోతులయ్య వల్ల కాలేదు. "ఎన్నాళ్లనుంచి ఇట్లా?" అని అడిగింది.

"రెండేండ్లు."

"చౌడక్కకు తెల్సా?"

లేదన్నట్టు తలూపాడు. జోసెఫ్ ఒకసారి కారు వైపు, ఒకసారి ఆ చేతి వైపు చూశాడు. పంతులు కదా, లెక్క కలవడానికి ఎక్కువసేపు పట్టలేదు. "మరి ఆ పొద్దు రెండూ కాలతాండాయి అంటివే అన్నా" అన్నాడు మెల్లగా.

పోతులయ్య మేరీ వైపు తిరిగి, "అమ్మా, ఒక సాయం చెయ్యి. వేలి వెనకపక్కతో, అట్లా తాకీ తాకనట్టు, పై పైపు ముట్టుకో. గట్టిగా పట్టుకోవాక. ఊరికే ఆనించు. మళ్లీ కిందిది ముట్టుకో. యాది ఎట్లుండాదో చెప్పు" అన్నాడు.

మేరీ వేలు ఆనించి చటుక్కున తీసేసుకుంది. "అబ్బా, ఇది ముట్టుకునేట్టు లేదు." వంగి కింది పైపు పట్టుకుంది. అక్కడ చెయ్యి అలాగే ఉంచింది. "ఇది చల్లగుందన్నా. బాగా చల్లగుండాది."

పైన కాలుతోంది, కింద చల్లగా ఉంది. ఎనిమిదేళ్ల పిల్లాడు కూడా చెప్పగల సంగతి. తన పేరంతా, తన షెడ్డంతా ఈ రెండు ముక్కల మీద నిలబడి ఉంది. అవి ఇప్పుడు పరాయి చేతిలోంచి రావాల్సి వచ్చింది.

"రేడియేటర్ సార్. పసుపు, ఉప్పునీళ్లు కలిసి పూడిపోయినాది. హిందూపురం ఆ పిల్లోడు చెప్పిందే నిజం." ఆగాడు. ఇంకొకటి మిగిలింది, అది కూడా చెప్పకపోతే ఇంటికి పోలేడు. "హెడ్డుకేం కాలే సార్. ఇప్పినప్పుడే తెలిసింది నాకు. గ్యాస్కెట్ బాగుండె. చెప్పలేకపోతి."

ఇంతగా ఉడికాక లోపల హెడ్డు ఇప్పుడు నిజంగానే వంగి ఉంటుందేమో, అది ఇద్దరికీ తెలుసు. జోసెఫ్ తిట్టలేదు, ఎందుకు చేశావని కూడా అడగలేదు. ఫోను తీసి హిందూపురం నంబరు కలిపాడు. లారీలు లేని వేళ అవతలి గొంతు ఇటు నిలబడ్డవాళ్లకు కూడా వినిపిస్తోంది.

"ఉమాశంకర్, బండి మళ్లీ నిలిచిపాయప్పా. నువ్వు చెప్పిందే, రేడియేటరే. పైన కాలతాంది, కింద చల్లగుండాది. వచ్చి కట్టుకోని పోతావా?"

"వస్తా సార్. యాడుండారో లొకేషన్ పెట్టండి" అన్నాడు ఉమాశంకర్. తర్వాత, ఎంతైనా ఆ చేతి పేరు విన్నవాడే కదా, కొంచెం ఆశగా అడిగాడు. "ఎవరు చూసినారు సార్? పోతులయ్యన్న చెప్పినాడా?"

జోసెఫ్ పోతులయ్య వైపు చూశాడు. అబద్ధమాడే మనిషి కాదాయన.

"కాదప్పా. మా మేరీ పట్టుకోని చూసింది" అన్నాడు.

పోతులయ్య రోడ్డు అంచున రాయి మీద కూచున్నాడు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. మేరీ పక్కన గొంతుక్కూచుని, బాటిల్‌లో మిగిలిన నీళ్లు ఆయన కాలిన చేతి మీద కొద్దికొద్దిగా పోసింది. పోస్తోందని, చూస్తున్నాడు కాబట్టే ఆయనకు తెలిసింది.